ఏ నెలలో ఏం వేయాలో మీ మిద్దె మీదే తేల్చుకోవడం ఎలా

"ఏ నెలలో ఏ విత్తనం వేయాలో ఒక పట్టిక రాసివ్వండి" అని ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. రాసిచ్చాను కూడా. ఆర్నెల్లు తిరక్కుండా వాళ్ళే మళ్ళీ వచ్చి "మీరు చెప్పిన నెలలోనే వేశామండీ, టమాటాకి పూత బోలెడొచ్చింది గానీ ఒక్క కాయా నిలవలేదు" అంటారు. నా మిద్దె హైదరాబాద్‌లో, మూడో అంతస్తు పైన, పడమటి ఎండకి అడ్డమన్నదే లేదు. మా చెల్లెలి డాబా విజయవాడలో, పక్కన లేచిన అపార్ట్‌మెంట్ నీడ మధ్యాహ్నం రెండింటికే వచ్చి పడుతుంది. డిసెంబర్‌లో నేనిక్కడ తెల్లవారుజామున స్వెట్టర్ వేసుకుని నీళ్ళు పోస్తుంటే అక్కడ వాళ్ళు ఫ్యాన్ ఆపరు. ఇద్దరికీ ఒకే పట్టిక ఎలా పనికొస్తుంది చెప్పండి.

అందుకే ఈసారి పట్టిక ఇవ్వను, దాన్ని మీరే తయారు చేసుకునే పద్ధతి చెప్తాను. ఆరు బ్యాగులు, ఒక నోటుబుక్కు, సీజన్‌కి ఒక్క ప్రశ్న. అంతే. మిగతా బ్యాగుల్లో మీ ఇష్టమొచ్చినట్టు పండించుకోండి, ఇంట్లోకి కూర కావాలి కదా. ప్రయోగాలన్నీ ఆ ఆరింటి మీదే.

ముందుగా ఇవి సిద్ధం చేసుకోండి

- ఒకే సైజు గ్రో బ్యాగులు ఆరు. 12 అంగుళాలవి వంగ, బెండ, టమాటాకి చాలు, తీగ కూరలకైతే 15 లేదా 18 అంగుళాలవి. పాత బకెట్లూ పెయింట్ డబ్బాలూ ఉన్నా పర్లేదు గానీ ఆరూ ఒకేలా ఉండాలి.
- ఒకే కుప్పగా కలిపిన మట్టి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు (లేదా వర్మీకంపోస్టు), కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్ళలో, బ్యాగుకి రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఇవాళ మూడు బ్యాగులకి కలిపి, వచ్చే ఆదివారం మిగతా మూడింటికి కలిపితే అది ఒకే మట్టి అవదు.
- ఒకే ప్యాకెట్ విత్తనం.
- వంటింటి తూకం మిషను, గ్రాములు చూపించేది.
- ఐస్‌క్రీమ్ పుల్లలు, పెన్సిల్. మార్కర్‌తో రాస్తే రెండు నెలల్లో ఎండకి వెలిసిపోతుంది, పెన్సిల్ రాత పోదు.
- ఒక గోడ థర్మామీటర్, దొరికితే. లేకపోయినా పని ఆగదు.
- తెలుగు గోడ క్యాలెండర్. కార్తెలు రాసి ఉంటాయి కాబట్టి. రెండు మూడు వారాల్లో గాలి, వాన, ఎండ ఎలా మారతాయో పెద్దవాళ్ళు కార్తెల్లో లెక్కేసి పెట్టారు, నోటుబుక్కులో తేదీ పక్కన కార్తె కూడా రాసుకుంటే వచ్చే ఏడు పోల్చుకోవడం తేలిక.

బరువు సంగతి మర్చిపోకండి. తడిసిన 12 అంగుళాల బ్యాగు 20 కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది. పిట్టగోడల పక్కనా, కింద దూలాలూ గోడలూ ఉన్న చోటా పెట్టండి, స్లాబు నడిమధ్యలో గుంపుగా వద్దు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని ముందే అడగండి.

1. ఎండ గీతలు గీయండి

ఒక ఆదివారం ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మిద్దె మీదకెళ్ళి నీడ అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గీయండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కాయగూరలకి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి, ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి.

అందరూ చేసే తప్పు ఏమిటంటే ఒకసారి గీసి ఏడాదంతా దాన్నే నమ్ముకోవడం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వాలతాడు. అందుకే దక్షిణం వైపు బాల్కనీలోకి నడివేసవిలో మిట్టమధ్యాహ్నం కూడా నేరుగా ఎండ రాదు, డిసెంబర్‌లో మాత్రం అదే బాల్కనీలో ఎండ లోపలి దాకా పాకుతుంది. ఉత్తరం బాల్కనీ వాళ్ళకి దీనికి తలకిందులు. వాళ్ళు చలికాలంలో టమాటా, క్యాబేజీ జోలికి పోకుండా పుదీనాతో సరిపెట్టుకోవడం మంచిది. జూన్, అక్టోబర్, డిసెంబర్, మార్చి, ఈ నాలుగు నెలల్లో ఒక్కోసారి గీస్తే చాలు.

2. ఒక్క ప్రశ్న పెట్టుకోండి, ఒక్కటే మార్చండి

"ఎండాకాలంలో టమాటా బాగా రావాలంటే ఏం చేయాలి" అనేది పరీక్షించగల ప్రశ్న కాదు. "నీడ వల కింద పెడితే మార్చిలో పూత నిలుస్తుందా" అనేది పరీక్షించవచ్చు. రెండు గుంపుల మధ్య ఆ ఒక్క తేడా తప్ప మట్టి, విత్తనం, వేసిన రోజు, పోసే నీళ్ళు అన్నీ ఒకటే.

ఒక ఏడాది నేను హుషారుగా మట్టి మిశ్రమం మార్చాను, వల కట్టాను, జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళు) మొదలుపెట్టాను, మూడూ ఒకేసారి. బెండ విరగకాసింది. మా ఆయన "దేనివల్ల?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అది తేల్చుకోవడానికి తర్వాత ఇంకో మూడు సీజన్లు పట్టింది, తీరా చూస్తే ఎక్కువ మార్పు తెచ్చింది మట్టి.

3. మూడు, మూడు పెట్టండి

ఒక్క కుండీ ఇటు, ఒక్క కుండీ అటు పెట్టి తేల్చేయకండి. ఒక మొక్కకి వేరుపురుగు పట్టొచ్చు, ఇంకోదాన్ని పావురం పీకేయొచ్చు. అందుకే మార్పు చేసినవి మూడు, మామూలువి మూడు. వాటిని వరుసలో ఒకటి విడిచి ఒకటి పెట్టండి. ఇవన్నీ ఎడమ పక్క, అవన్నీ కుడి పక్క పెడితే మీరు పోల్చేది ఎడమ ఎండనీ కుడి ఎండనీ. నీడ వల లాంటి వాటికి ఇలా కుదరదు కాబట్టి, వల కట్టకముందు రెండు చోట్లా ఎండ ఒకేలా పడుతోందో లేదో సుద్దగీతల్లో చూసుకోండి.

చోటు లేదంటారా, రెండు రెండు పెట్టండి. కానీ అదే ప్రయోగం వచ్చే ఏడు మళ్ళీ చేసేదాకా ఎవరికీ సలహా ఇవ్వకండి.

4. విత్తనాన్ని ముందే పరీక్షించండి

20 గింజలు తడిగుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, రోజూ ఒకసారి విప్పి చూడండి, గుడ్డ ఆరనివ్వద్దు. బెండ, తోటకూర, మెంతి వారంలోపే తేలిపోతాయి, టమాటా, వంగ వారం దాటొచ్చు, ధనియాలకి పది పన్నెండు రోజులు ఓపిక పట్టాలి. 20కి 12 కంటే తక్కువ మొలిస్తే ఆ ప్యాకెట్‌తో ప్రయోగం వద్దు. నేనోసారి ఒక కొట్లో కొన్న బీర గింజలు ఇలా చూస్తే 20కి 4 మొలిచాయి. చూసుకోకుండా వేసుంటే నెలంతా మట్టిని తిట్టుకునేదాన్ని.

ధనియాలని చపాతీ కర్రతో మెల్లగా ఒత్తి రెండు పప్పులుగా విడదీసి వేయాలి. నలిగిపోయేలా నూరితే మొలవవు. బెండ, కాకర గింజలు రాత్రంతా నానబెడితే చాలు.

5. తొలకరి ప్రయోగం: చిక్కుడు ఎప్పుడు వేయాలి

నా దృష్టిలో మొదటిసారి చేసేవాళ్ళకి ఇంతకంటే మంచి ప్రయోగం లేదు, ఎందుకంటే జవాబు కంటికి కనపడుతుంది.

"చిక్కుడు తీగ మిద్దంతా అల్లుకుంది, ఒక్క పువ్వూ లేదు, ఏం ఎరువు వేయాలి" అని ప్రతి ఏడూ అడుగుతారు. ఏ ఎరువూ వేయకండి. మన పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూతకొస్తుంది. జనవరి ఆఖరులో వేస్తే ముందున్నదంతా పొద్దు పెరిగే కాలం, అది ఆకులు వేసుకుంటూ పోతుంది తప్ప పువ్వు ఎత్తదు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఊరికే వచ్చింది కాదు, ఆ రోజుల్లో పెరట్లో నిండుగా ఉండేది అదే.

ఇలా చేయండి:

- మృగశిర కార్తె మొదలయ్యాక, అంటే జూన్ 8 తర్వాత మంచి వాన పడిన వారంలో, మూడు 18 అంగుళాల బ్యాగుల్లో రెండేసి గింజలు వేయండి. మొలిచాక బలమైనది ఉంచి రెండోది తీసేయండి.
- అదే ప్యాకెట్ నుంచి మిగతా మూడు బ్యాగుల్లో మఖ కార్తెలో, ఆగస్టు 17 ప్రాంతంలో వేయండి. ఆ మూడు బ్యాగుల మట్టిని కూడా జూన్‌లోనే నింపి ఉంచండి.
- ప్రతి బ్యాగుకీ మొదటి పువ్వు తేదీ, మొదటి కోత తేదీ, ప్రతి కోత బరువు రాయండి.

మా మిద్దె మీద వేసిన రోజుల్లో రెండు నెలలకి పైగా తేడా ఉన్నా, మొదటి పువ్వులో తేడా పట్టుమని పదిహేను రోజులు లేదు. జూన్‌లో వేసినవి పెద్ద పందిరి అల్లి మొత్తం మీద కాయ ఎక్కువే ఇచ్చాయి, కానీ నాలుగు నెలలు ఎరువు తిన్నాయి, పేనుబంకని మోశాయి, పక్కనున్న మిరపకి ఎండ రాకుండా చేశాయి. చోటు తక్కువున్న నాకు ఆగస్టుదే లాభం. మీకు ఇనుప పందిరి ఉంటే జవాబు మారొచ్చు.

వేసవిలోనూ చిక్కుడు కావాలనుకునేవాళ్ళు పొద చిక్కుడు రకాలు వెతకండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ లాంటివి పొద్దుతో పని లేకుండా పూస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళ బాధ కూడా ఇదే. న్యూజెర్సీలో వేసవి పొద్దు ఇక్కడికంటే చాలా పొడుగు, చిక్కుడు పూతకొచ్చి కాయ పట్టే సరికి మంచు పడే రోజులు దగ్గరికొచ్చేస్తాయి. వాళ్ళకి పొద రకమే దిక్కు. గోంగూరకీ ఇదే గుణం ఉంది, అక్టోబర్, నవంబర్‌లో మొగ్గ తొడిగిందంటే ఆకు తగ్గిపోతుంది, మీ తప్పేం లేదు.

చిక్కుడు వద్దనుకుంటే వానాకాలానికి ఇంకో చిన్న ప్రయోగం. బీరకాయ, కాకరకాయ వేలెడంత ఉండగానే వంకర తిరిగి, పసుపెక్కి, కోస్తే లోపల పురుగులు కనిపిస్తున్నాయా? అది పండు ఈగ. ఒకే తీగ మీద ఐదు పిందెలకి పాత న్యూస్ పేపరు గొట్టంగా చుట్టి కట్టండి, ఐదు వదిలేయండి. పది రోజుల్లో తేలిపోతుంది, బ్యాగులు కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, పువ్వు దశలో చుట్టకండి, పిందె కట్టాకే చుట్టాలి. పిందె అసలు నిలవడం లేదంటే ఆడ పువ్వుకి పుప్పొడి అందట్లేదేమో చూడండి. ఆడ పువ్వుకి వెనక చిన్న పిందె ఉంటుంది, మగ పువ్వుకి ఉత్త కాడ. మగ పువ్వు తెంపి రెక్కలు తీసేసి ఆడ పువ్వు మధ్యలో రాయాలి. సొర, బీర పువ్వులు సాయంత్రం విచ్చుకుంటాయి, గుమ్మడి, దోస, కాకర పొద్దున్నే. పొద్దున తొమ్మిదింటికి బీర పువ్వుకి రాసి "పని చేయలేదు" అనేవాళ్ళు చాలామంది.

6. చలికాలం ప్రయోగం: టమాటా మూడు విడతలు

ఇక్కడ గుంపులు రెండు కాదు, మూడు. రెండేసి బ్యాగులు. ఆగస్టు మధ్యలో ఒక నారు, అక్టోబర్ మొదట్లో ఒక నారు, జనవరి మొదట్లో ఒక నారు పోయండి. 25 నుంచి 30 రోజుల నారు, నాలుగైదు ఆకులున్నప్పుడు, సాయంత్రం పూట నాటండి. వానాకాలపు నారుకి మొదలు మెత్తబడి పడిపోయే నారుకుళ్ళు వస్తుంది కాబట్టి ట్రేని చూరు కింద పెట్టండి, నీళ్ళు పైనుంచి గుమ్మరించకండి.

మామూలుగా ఏం జరుగుతుందంటే మొదటి రెండూ బాగా కాస్తాయి, మూడోది ఏపుగా పెరిగి పూత పూసి రాల్చేస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పుప్పొడి పనికిరాదు. మదనపల్లె వైపు ఎండాకాలంలో కూడా లారీలకొద్దీ టమాటా వస్తోందంటే ఆ ఊరు ఎత్తు మీద ఉండి రాత్రులు చల్లగా ఉండబట్టి. అది చూసి మన స్లాబు మీద మేలో ఆశ పెట్టుకోకూడదు. కానీ పూత నిలవడం మానేసే ఆ గీత సరిగ్గా ఏ వారంలో పడుతుందో ఊరూరికీ, మిద్దె మిద్దెకీ మారుతుంది, మీకు కావాల్సింది ఆ వారమే. పూత నిలవడం మానేసిన తేదీ, ఆ వారం థర్మామీటర్ చూపించిన అంకె రాసుకోండి.

కాయ అడుగున నల్లగా, తోలులా అణిగిన మచ్చ వస్తే తెగులనుకుని మందు కొట్టకండి. ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు ముంచెత్తితే కాయకి సున్నం అందక అలా అవుతుంది. నీళ్ళు సమంగా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

క్యారెట్, ముల్లంగి, కాలీఫ్లవర్ కూడా ఇదే పద్ధతిలో విడతలుగా వేసి చూడొచ్చు. మెంతి, పాలకూరకి ప్రయోగం ఎందుకండీ, నవంబర్‌లో చల్లితే కళ్ళు మూసుకున్నా వస్తాయి.

7. ఎండాకాలం ప్రయోగం: వల, ఆచ్ఛాదన, ఇటుక

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమో గానీ స్లాబు మీద నేరుగా పెట్టిన బ్యాగులో వేళ్ళు ఉడుకుతాయి. చాలామంది ఆకు వాడింది చూసి నీళ్ళు పోస్తూ పోతారు, అసలు వేడి కింది నుంచి వస్తోందని చూడరు. మధ్యాహ్నం మూడింటికి బ్యాగు పడమటి పక్క మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టండి. పెట్టలేకపోతే లోపలి వేరు పరిస్థితి ఊహించుకోండి.

మూడు ప్రశ్నలున్నాయి, ఏడాదికి ఒకటే తీసుకోండి.

అ) ఇటుకల మీదా, నేల మీదా. మూడు బ్యాగులు నాలుగేసి ఇటుకల మీద, మూడు నేరుగా స్లాబు మీద. పైసా ఖర్చు లేదు, అందుకే మొదట ఇదే చేయమంటాను.

ఆ) ఆచ్ఛాదన. మూడింటికి మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులో, కొబ్బరి పీచో, చెరకు పిప్పో పరవండి. కాండానికి ఆనించకండి, వేలు వెడల్పు ఖాళీ వదలండి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. మూడు ఉత్త మట్టితో. నీళ్ళు మగ్గుతో కొలిచి పోయండి, ఎవరికి ఎన్ని మగ్గులు పట్టిందో అదే మీ జవాబు.

ఇ) నీడ వల. 50 శాతం వల, మార్చి మధ్య నుంచి జూన్ మొదటి వానల దాకా, కనీసం ఏడడుగుల ఎత్తున. మొక్కల మీద దుప్పటిలా కప్పితే గాలాడదు. మేలో వచ్చే గాలివానకి వల తెరచాపలా పట్టుకుంటుంది, మొదటి ఏడాది నా వెదురు కర్రలు రెండు వీధిలో పడ్డాయి, అదృష్టం బాగుండి కింద ఎవరూ లేరు. ఇనుప పైపులకి గట్టిగా కట్టండి, మబ్బు పట్టినరోజు ఒక పక్క విప్పేయండి. వానలు మొదలయ్యాక వల తీయడం మర్చిపోతే మొక్కలు సన్నగా సాగిపోతాయి.

వీటిలో వేసే మొక్క ఎండని ఎంతో కొంత తట్టుకునేదై ఉండాలి. బెండ, వంగ, తోటకూర, బచ్చలి సరైనవి. కొత్తిమీరతో మాత్రం పట్టుదలకి పోకండి. ఏప్రిల్‌లో మొలవడమే కష్టం, మొలిచినా జానెడు కాకుండానే పువ్వుకొస్తుంది. గంగవాయిల కూర దానంతటదే లేస్తుంటే పీకి పారేయకుండా పప్పులో వేసుకోండి.

నీళ్ళు కావాలో లేదో ఇలా చూడండి: వేలు రెండో కణుపు దాకా మట్టిలో దించండి, తడి తగిలితే ఆగండి. మధ్యాహ్నం బీర, గుమ్మడి ఆకులు వేలాడుతుంటే కంగారు పడకండి, సాయంత్రం ఆరింటికి మళ్ళీ చూడండి. లేచి నిలబడితే దాహం కాదు, ఎండకి ముడుచుకున్నాయంతే. అప్పటికీ వేలాడుతూ ఉంటే పోయండి.

8. టానిక్కులు పరీక్షించాలనుకుంటే

బియ్యం కడిగిన నీళ్ళు, పుల్ల మజ్జిగ, ఉల్లి తొక్కల నీళ్ళు, జీవామృతం... దేని గురించి అడిగినా నా సమాధానం ఒకటే, దాని పక్కన మామూలు నీళ్ళు పెట్టి చూడండి. మూడు బ్యాగులకి లీటరు జీవామృతం పోస్తే, మిగతా మూడింటికి అదే పూట లీటరు ఉత్త నీళ్ళు పోయాలి. ఎక్కువమంది ఆ రెండో పని చేయరు, అసలు ఆ లీటరు నీళ్ళకే మొక్క కళకళలాడిందేమో ఎవరికి తెలుసు!

మిద్దెకి సరిపడా జీవామృతం కొలత: 10 లీటర్ల నీళ్ళకి అర కిలో తాజా ఆవు పేడ, అర లీటరు గోమూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో 48 గంటలు, రోజుకి రెండుసార్లు కర్రతో కలుపుతూ ఉంచి, పదింతల నీళ్ళు కలిపి పోయండి. వారంలోపు వాడేయాలి. వాసన వస్తుంది, పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసిన రోజు మూత తీయకండి.

9. మధ్యలో పురుగు పడితే

ప్రయోగం పాడైపోతుందని చూస్తూ కూర్చోవద్దు. మందు కొట్టాల్సి వస్తే ఆరు బ్యాగులకీ ఒకేలా కొట్టి, తేదీ రాయండి.

ముందు ఏమిటో చూసుకోండి. మిరప ఆకు అంచులు పైకి ముడిచి దోనెలా అయితే తామరపురుగు, కిందికి ముడిచి బోర్లించిన పడవలా అయితే నల్లి. బెండ ఆకు ఈనెలు పసుపెక్కితే పల్లాకు తెగులు, దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఆ మొక్కకి మందు లేదు, పీకి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయకండి. అర్క అనామిక లాంటి తట్టుకునే రకం పక్కన మీ మామూలు రకం పెట్టి చూడటం కూడా మంచి ప్రయోగమే.

వేపనూనె అయితే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, ముందు కొన్ని చుక్కల సబ్బు నీళ్ళలో బాగా గిలక్కొట్టి అప్పుడు కలపాలి. నూనె పైన తేలుతుంటే కొట్టకండి, ఆకు మాడుతుంది. ఎప్పుడూ సాయంత్రమే, ఆకు అడుగు భాగం తడిసేలా. కొత్త సీసా తెస్తే రెండాకుల మీద కొట్టి ఒకరోజు ఆగి చూడండి.

10. ఫలితం ఎలా చూడాలి

"బాగా వచ్చింది" అని రాయకండి. బ్యాగు వారీగా మొదటి పువ్వు తేదీ, మొదటి కోత తేదీ, కోసిన ప్రతిసారీ గ్రాములు, చనిపోతే ఎప్పుడు, ఎందుకు. వంటింట్లోకి తీసుకెళ్ళకముందే తూచండి, పిల్లలు తెంపి తిన్న టమాటాలు లెక్కలోకి రావు మరి. ఆకుకూరైతే వేర్లు కోసేశాక తూచండి.

సీజన్ ఆఖరున లెక్క ఇలా చూస్తాను. వల కింది మూడు వంగ మొక్కలు 620, 540, 700 గ్రాములు, బయటివి 300, 410, 350 అనుకుందాం. ఇటువైపు అన్నింటికంటే తక్కువైనది కూడా అటువైపు ఎక్కువైన దాన్ని దాటింది, వల పని చేసినట్టే. అలా కాక ఇటు 620, 240, 500, అటు 410, 380, 450 వస్తే సగటులు వేసుకుని సంబరపడకండి. ఒకే గుంపులో 240కీ 620కీ అంత తేడా ఉందంటే మీరు చూసుకోనిది ఇంకేదో జరుగుతోంది. ఆ 240 బ్యాగు అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో, పిట్టగోడ నీడ పడుతోందేమో వెతకండి. బ్యాగు బోర్లించి వేర్లు కూడా చూడండి. తెల్లగా ఉంటే మంచివి, గోధుమరంగులో మెత్తగా ఉంటే నీళ్ళెక్కువై కుళ్ళినట్టు, ఉండలు కట్టి ఉంటే నులిపురుగు, ఆ మట్టి మళ్ళీ టమాటా, వంగకి వాడకండి.

ఒక ఏడాది ఫలితం పెన్సిల్‌తో రాసుకోండి. రెండో ఏడూ అదే వస్తే పెన్నుతో దిద్దండి. వానలు ఆలస్యమైన ఏడాదికీ సకాలంలో పడ్డ ఏడాదికీ పొంతన ఉండదు.

11. గెలిచిన బ్యాగు నుంచి విత్తనం

నాటు రకమైతే అన్నింటికంటే బాగా కాసిన మొక్క మీద ఒకటి రెండు కాయలు కోయకుండా ముదరనివ్వండి. చిక్కుడు, బెండ తీగ మీదే, మొక్క మీదే ఎండాలి. వంగ పసుపుపచ్చగా మారేదాకా ఉంచి, గింజలు కడిగి, నీడలో ఆరబెట్టాలి. బాగా ఆరాక కాస్త బూడిద కలిపి గాజు సీసాలో పెట్టి, రకం పేరు, బ్యాగు నంబరు, తేదీ రాసిన పుల్ల కూడా సీసాలోనే వేయండి, మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనో ఎఫ్1 అనో ఉంటే మాత్రం విత్తనం దాచకండి, రెండో తరం మొక్కలు తలో రకంగా వస్తాయి, వాటితో చేసిన ప్రయోగంలో ఏ తేడా దేనివల్లో చెప్పలేం.